వెన్నగులాబీ మీద అనుమానం

దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదంటారు. వార్డెనమ్మ పళ్ళతో ఊరుకోదు. గిట్టలెత్తి చూస్తుంది, తోక పట్టుకు లాగి చూస్తుంది, ఇచ్చినవాళ్ళకి ఈ ఆవు ఎందుకు అడ్డమైందో నాలుగిళ్ళలో ఆరా తీస్తుంది. ఆవు సంగతి మాటవరసకన్నాను. ఆవిడ పెంచేది మొక్కలు. మేడమీద నీళ్ళ ట్యాంకు నీడ పడే పక్కని వదిలేసి, మిగతా చోటంతా హాస్టల్లో మంచాలు వేసినట్టు కుండీలు వరసలు తీర్చి పెంచుతుంది.

హాస్టలనడం కూడా ఊరికే కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. పిల్లలకి ఇంటి నుంచి వచ్చే ప్రతి పొట్లమూ ఆవిడ బల్లమీద విప్పాల్సిందే. బ్రెడ్డు నడుమ తొలిచి సెల్‌ఫోను కూరి పంపిన తల్లిని ఆవిడ చూసింది. సబ్బుపెట్టె మూత తియ్యకుండానే లోపల ఉన్నది సబ్బు కాదని చెప్పింది. పిల్లలు చాటుగా ‘భూతద్దం’ అని పిలుచుకునేవారు. ఆ సంగతీ ఆవిడే కనిపెట్టింది. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో మాత్రం చివరిదాకా తేలలేదు, అది తలుచుకుంటే ఆవిడకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అసలు అనుమానం ఉద్యోగంలో చేరకముందే ఉంది. చిన్నప్పుడు పెదనాన్న ఒకరోజు పూల గౌను తెచ్చి ఇచ్చాడు. పిల్ల ఇల్లంతా గంతులేసింది. ఆ సాయంత్రమే ఆయన నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని, వీధివైపు గది తన కొడుక్కి కావాలన్నాడు. గౌను పుచ్చుకున్న మొహంతో కాదనలేక నాన్న సామానంతా వెనకగదిలోకి సర్దాడు. వెలుతురొచ్చే గది పోయింది. గౌను ఏడాది తిరిగేసరికి పొట్టిదైపోయింది. ఎవరూ ఏదీ ఊరికే ఇవ్వరని ఆ పిల్ల అప్పుడు నేర్చుకుంది, ఆ తర్వాత ఎవరెంత చెప్పినా ఆ పాఠం మార్చుకోలేదు.

పెళ్ళి చేసుకోలేదు. వచ్చిన ప్రతి సంబంధంలోనూ ఏదో ఒక లొసుగు పట్టింది. తమ్ముడింట్లో ఉంటుంది. తమ్ముడు దూరపు బండ్లు నడుపుతాడు గనక ఇంటిపట్టున ఉండేది తక్కువ, ఎప్పుడూ ఎదురుగా ఉండేది మరదలే. బేకరీలో కౌంటరు మీద కూర్చుంటుంది. ఎవరేమిచ్చినా ‘అయ్యో, ఎందుకండీ’ అంటూనే రెండు చేతులూ చాపే రకం. ఉప్పూ నిప్పూ అనుకుంటారేమో, అదేం లేదు. వదిన అనుమానాలు వినకపోతే మరదలికి తిన్నది అరగదు.

ఆ వీధిలో మేడలమీద మొక్కలు పెంచేవాళ్ళు ఒక జట్టుగా ఉన్నారు. ఆదివారం పొద్దున్నే ఎవరో ఒకరి మేడ మీద చేరతారు. ఈమధ్య కొన్నదో, ఎవరైనా ఇచ్చిందో, కొత్తమొక్కని చంకనపెట్టుకుని వస్తారు. మందులషాపాయన దీనికి ‘మొక్కచూపులు’ అని పేరు పెట్టాడు. నిజంగానే పెళ్ళిచూపుల వరసే. పిల్లని మధ్యలో కూర్చోబెట్టడం, ఇటు తిప్పి అటు తిప్పి చూడడం, ‘వయసెంత?’ అంటే ‘నర్సరీవాడు ఏడాదన్నాడండీ’ అనడం, ఎదురుగా మెచ్చుకోవడం, మెట్లు దిగుతూ వంకలు పెట్టడం. ఇచ్చిపుచ్చుకోవడాలు కూడా అక్కడే తేలతాయి.

వార్డెనమ్మ కూడా ఇచ్చింది పుచ్చుకుంటుంది. పుచ్చుకుని తిన్నగా స్నానాలగది కిటికీ కిందకి చేరుస్తుంది. కొత్తమొక్కని కొన్నాళ్ళు విడిగా ఉంచడం ఎవరైనా చేసేదే, పురుగూ పుట్రా ఉంటే బయటపడుతుంది కదా. ఈవిడ పురుగుతో పాటు ఇచ్చినవాళ్ళ ఉద్దేశం కూడా బయటపడుతుందేమోనని చూస్తుంది. ప్రింటింగ్ ప్రెస్సాయన భార్య రంగురంగుల ఆకుల మొక్క ఇస్తే, దాని కుండీ అడుగున నత్త దొరికింది. 

“చూశావటే? నత్తని పంపింది,” అంది మరదలితో.

“అది దానంతటదే ఎక్కుంటుంది వదినా.”

“ఎక్కితే ఎక్కింది. మన ఇంటి దారి దానికెవరు చెప్పారు?”

మరదలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పక్కగదిలోకి వెళ్ళిపోయింది.

ఇలాంటి మనిషికి ఒక స్నేహితురాలు దొరకడం విచిత్రమే. ఎదురింటి డ్రాయింగ్ టీచరు. బడిలో పిల్లలకి బొమ్మలు నేర్పి ఈమధ్యే మానేసింది. ముక్కుమీంచి జారిపోయే కళ్ళజోడు, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ రంగో మట్టో. ఒక వానాకాలం వార్డెనమ్మ మేడమెట్ల మీద జారి కాలు మడతపెట్టుకుని మంచమెక్కింది. మరదలు తెల్లారితే బేకరీకి పోవాలి. అప్పుడు టీచరు తనంతట తనే వచ్చి, “మీ కుండీల సంగతి నేను చూసుకుంటానండీ, నాకూ పొద్దున్నే పనేముంది,” అంది.

వార్డెనమ్మ గుండెల్లో రాయి పడింది. కన్నేసి ఉంచడానికి కాలు కదలదాయె. అందుకని మరదలి చేత మొగ్గలు లెక్కపెట్టించింది. కొత్త కత్తెర ఒకటి గోడమీద మరిచిపోయినట్టు పెట్టించింది. పండబోతున్న టమాటాలని ఆకుల చాటు నుంచి పక్కకి తప్పించి, దారినపోయేవాళ్ళకి నోరూరేలా ఉంచమంది. టీచరు రోజూ నీళ్ళు పోసి, పండిన టమాటాలు కోసి తెచ్చి మంచం పక్కన పెట్టేది. కత్తెర వానకి తుప్పుపడుతుందని గుడ్డలో చుట్టి ఇచ్చింది. మొగ్గల లెక్క తగ్గలేదు సరికదా పెరిగింది. కాలు బాగయ్యే నాటికి వార్డెనమ్మ, “ఈవిడలో దొంగబుద్ధి కనపడట్లేదే,” అంది మరదలితో. ఆ గొంతులో కాస్త నిరాశ కూడా ఉంది.

అలా మొదలైంది. సాయంత్రాలు ఇద్దరూ మేడమీద చెరో పీటా వేసుకుని కూర్చునేవారు. టీచరు తడి నేలమీద వేలితో ఆకుల బొమ్మలు గీస్తూ ఉండేది, వార్డెనమ్మ వీధిలో ఎవరు ఎవరింటికి ఎందుకు వెళ్తున్నారో చెబుతూ ఉండేది. పూల గౌను సంగతి సొంత తమ్ముడికి కూడా చెప్పని మనిషి, ఒకనాడు టీచరుకి చెప్పింది. టీచరు ఏ నీతీ చెప్పకుండా విని, “ఏ రంగు పూలండీ?” అని అడిగింది. ఆ ప్రశ్నకి వార్డెనమ్మకి కళ్ళనీళ్ళొచ్చాయి. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ పూర్తిగా నమ్మిన మనిషి టీచరొక్కతే.

ఆ టీచరు దగ్గర ఒక గులాబీ ఉంది. వెన్నరంగు రేకులు, నడుమ లేత నారింజ, పూస్తే మెట్ల మొదలు దాకా తేనెవాసన. జట్టులో అందరి కన్నూ దానిమీదే. కొమ్మ గుచ్చితే వేరు పట్టదు, ఎంతమంది పట్టుకెళ్ళినా ఎండబెట్టినవాళ్ళే. చివరికి టీచరు నర్సరీలో ఒకాయన చేత అంటు కట్టించింది. దక్కింది ఒక్కటే. ఆ ఒక్కటీ తెచ్చి వార్డెనమ్మ చేతిలో పెట్టింది.

“మీకేనండీ. ఇప్పుడే ఎవరికీ చెప్పకండి, నా మీద పడతారు,” అని నవ్వి, అంటు ఎలా కట్టారో, ఏది ఉంచాలో ఏది తియ్యాలో, చెబుతూ పోయింది.

వార్డెనమ్మ చెవులు అక్కడ లేవు. అందరినీ కాదని నాకే ఎందుకిచ్చింది? బదులుగా ఏమడుగుతుంది? ఎవరికీ చెప్పొద్దని ఎందుకంది? ఎందుకిచ్చిందో వెతుక్కోవడంలో పడి, ఎలా పెంచాలో వినలేదు. రాత్రంతా ఆలోచించి, తెల్లారేసరికి ఒక నిర్ణయానికొచ్చింది. నామీద ఇష్టంతో ఇచ్చింది, అంతే. ఆ మాట మనసులో అనుకుంటేనే సిగ్గేసి, లేచి వెళ్ళి మొహం కడుక్కుంది.

అంతవరకూ ఆవిడ పెంచినవన్నీ గింజ వేస్తేనో కొమ్మ గుచ్చితేనో వచ్చినవి. మొదలొకటి, పైనొకటి ఉండే మొక్క ఆవిడ మేడ ఎక్కలేదు. గాలికి పడిపోతుందని గులాబీని పెద్ద కుండీలోకి మార్చి, మెడలోతు పాతింది. కొన్నాళ్ళకి చూస్తే కుండీలో రెండు రకాల కొమ్మలు. ఒకటి ఇచ్చినప్పటిదే, పీలగా, ఆకులు పసుపుతేలి. పక్కనే మట్టిలోంచి రెండు కొత్త కొమ్మలు, నిగనిగలాడుతూ, చెయ్యి పెడితే గీరేంత ముళ్ళతో. హాస్టల్లో ఇలాంటివి ఎన్ని చూడలేదు! పనికిమాలిన పిల్ల పక్కన పైకొచ్చే పిల్లని పడుకోబెడితే ఇద్దరూ పాడవుతారు. కత్తెర తీసి పీలకొమ్మని మట్టిదాకా కోసేసింది. కోసిన చోట చీడ పట్టకుండా గోళ్ళరంగు పూసింది. హాస్టలు పిల్లల దగ్గర లాక్కున్న గోళ్ళరంగు సీసాలు ఆవిడ బీరువాలో ఇప్పటికీ ఒక డబ్బాడు ఉన్నాయి, కోసిన కొమ్మలకి అవే మందు. పైన ఇంత మట్టి కప్పేసి మర్చిపోయింది.

మొక్క ఎదిగిందనడం చాలదు. పిట్టగోడ దాటి పక్కవాళ్ళ బట్టల తీగమీదికి చెయ్యి చాపింది. టీచరు కనబడ్డప్పుడల్లా “పూసిందా?” అని అడిగేది. “ఇంకా లేదండీ, ఎదుగుతోంది,” అనేది వార్డెనమ్మ, కడుపుతో ఉన్న కూతురి సంగతి చెప్పినంత గర్వంగా. మేడమీదికి తీసుకెళ్ళి చూపించమంటే మాత్రం, పూశాకే చూద్దురుగాని అని ఆపేది, సాయంత్రాల పీటలు కూడా టీచరు మేడమీదికే మార్చేసింది.

చలి తగ్గుతూండగా పూసింది. వేలిగోరంత తెల్లపూలు, ఐదేసి రేకులు, గుత్తులు గుత్తులుగా. ముక్కు పెట్టి చూస్తే ఏమీ లేదు. మరదలిని పిలిచింది.

“వాసనేమైనా తగుల్తోందా?”

మరదలు ముక్కు దూర్చి, “మీ సబ్బు వాసనొస్తోంది వదినా,” అంది.

వార్డెనమ్మ పీటమీద కూలబడింది. ముళ్ళపొదల్లో, రోడ్డు వారన, ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూసే అడివిగులాబీ. వెన్నగులాబీ అని చేతిలో పెట్టింది ఇది. ఎవరికీ చెప్పొద్దని ఎందుకందో ఇప్పుడర్థమైంది, సాక్షి ఉండకూడదని. కనబడ్డప్పుడల్లా ‘పూసిందా, పూసిందా’ అని ఎందుకడిగిందో అర్థమైంది, ఎప్పుడు బయటపడుతుందోనని. నవ్వుతూ అడిగేది కదూ? నవ్వదూ మరి! గౌను సంగతి విన్నప్పుడు రంగు అడిగింది, ఎంత తెలివిగా అడిగింది! పైన పటారం, లోన లొటారం. టమాటాలు తెచ్చి మంచం పక్కన పెట్టినప్పుడే అనుకోవాల్సింది, అంత మంచితనం మనుషులకి ఉండదని.

“ఓసారి వెళ్ళి అడగండి వదినా. నాలుగడుగుల దూరం,” అంది మరదలు.

“దొంగని అడిగితే దొంగిలించానని చెబుతుందా?”

“ఆవిడ దొంగేంటి వదినా?”

“నువ్వూరుకో. నీకు నత్త కూడా చుట్టమే.”

నిజం చెప్పాలంటే వార్డెనమ్మకి కోపం కన్నా దుఃఖమే ఎక్కువ. కోపమైతే ఆవిడకి అలవాటు, ఏం చెయ్యాలో తెలుసు. దుఃఖం వస్తే ఏం చెయ్యాలో తెలియదు. అందుకని దాన్ని కూడా కోపంలోనే కలిపేసుకుంది.

ఆ ఆదివారం చూపులు వార్డెనమ్మ మేడమీదే. మందులషాపాయన, ప్రెస్సాయన, ఆయన భార్య, ఇంకా నలుగురైదుగురు వచ్చారు. టీచరు కొత్తగా మొలకెత్తించిన నారు పట్టుకొచ్చింది, అందరికీ పంచుదామని. వార్డెనమ్మ అందరికీ టీ ఇచ్చి, మూలనున్న గులాబీ కుండీని మధ్యకి ఈడ్చుకొచ్చింది.

“ఇది టీచరుగారు నాకిచ్చిన బహుమతండీ. వెన్నగులాబీ అని చెప్పి ఇచ్చారు. చూడండి, వెన్న ఎక్కడుందో వెతకండి. మంచిది ఆవిడ మేడమీద ఉంచుకుని, ముళ్ళకంప నాకంటగట్టారు.”

ఎవరి టీ వాళ్ళ చేతుల్లోనే ఉండిపోయింది. టీచరు మొహం తెల్లబోయింది. కళ్ళజోడు ముక్కుమీదికి తోసుకుని కుండీ దగ్గర కూర్చుంది. పువ్వు ముట్టుకోలేదు, ఆకు చూడలేదు. మొదలు దగ్గర మట్టిని వేలితో కాస్త గీకింది. వంగి చూసింది. ఆ తర్వాత అదే వేలితో మట్టిని మళ్ళీ దగ్గరికి లాగి, చదును చేసి లేచింది.

“నర్సరీవాడే మోసం చేశాడేమో టీచరుగారూ,” అన్నాడు మందులషాపాయన.

“లేదండీ, పాపం ఆయన తప్పేం లేదు.” టీచరు వార్డెనమ్మ వైపు ఒకసారి చూసింది. “ఆ రోజు రెండు కుండీలు పక్కపక్కనే ఉన్నాయి. నేనే పొరపాటున ఒకటి బదులు ఒకటి ఇచ్చుంటాను. మన్నించండి వార్డెన్‌గారూ.”

అంతే. వాదించలేదు, ఏడవలేదు. తెచ్చిన నారు అక్కడే పెట్టి, గ్లాసు కడిగి బోర్లించి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేరం ఒప్పుకున్నాక వార్డెనమ్మకి నిద్ర పట్టాలి. పట్టలేదు. నేరం ఒప్పుకున్నవాళ్ళని ఆవిడ ఎంతోమందిని చూసింది. ముందు కాదంటారు, తర్వాత ఏడుస్తారు, ఆపైన ఇంకొకళ్ళ పేరు చెబుతారు, ఆఖరున ఒప్పుకుంటారు. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నవాళ్ళు లేరు. అంటే దీని వెనక ఇంకేదో ఉంది.

మరోపక్క జట్టులో మాట పాకిపోయింది. ప్రెస్సాయన భార్య, టీచరు ఎప్పుడో ఇచ్చిన సంపెంగని అనుమానంగా చూడ్డం మొదలుపెట్టింది, ఇంకా పూయలేదు మరి. మందులషాపాయన తన కుండీల్లో టీచరిచ్చినవి ఏవేవో వేరు చేసి పెట్టాడు. ఆవిడ తెచ్చిన నారు అక్కడే వాడిపోయింది. తర్వాతి ఆదివారం టీచరు ఇంకో మొక్క పట్టుకొస్తే, అందరూ బాగుందంటే బాగుందన్నారు, ‘చోటు లేదండీ’ అని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇక టీచరు రావడం మానేసింది. ఎదురింటి మేడమీద పొద్దున నీళ్ళు పోసి, ఇటు చూడకుండా లోపలికి వెళ్ళిపోయేది. వార్డెనమ్మ కిటికీ తెర సందులోంచి అంతా చూసేది.

చూస్తూండగా ఒకనాడు ఆ వేలు గుర్తొచ్చింది. మట్టి గీకింది, చూసింది, మళ్ళీ కప్పింది. ఎందుకు కప్పింది? ఏదో దాచడానికే. సాక్ష్యం అక్కడే, ఆ మట్టిలోనే ఉంది! వార్డెనమ్మ చెప్పులైనా వేసుకోకుండా మేడెక్కింది. కుండీ ముందు కూర్చుని, పట్టుబడిన పొట్లం విప్పినట్టు మొదలు చుట్టూ మట్టి తోడింది.

మట్టికింద బొటనవేలంత ముడి ఉంది. ముడి కింద నుంచి ముళ్ళకొమ్మలు రెండూ లేచాయి. ముడి మీద నుంచి లేచిన కొమ్మ మాత్రం లేదు. దాని మొండెం ఉంది, ఏటవాలుగా కోసిన మొండెం. కోసిన చోట గులాబీరంగు గోళ్ళరంగు, ఇంకా మెరుస్తూ.

ఆవిడకి అంటు గురించి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆనాడు టీచరు చెబుతూ ఉంటే చెవి పక్కనుంచి పోయిన మాటలన్నీ ఇప్పుడు వరసగా వినబడ్డాయి. ముడికి పైది వెన్నగులాబీ, కిందది అడివిది. కిందనుంచి ఏది మొలిచినా తీసెయ్యండి. వార్డెనమ్మ పైదాన్ని కోసి కిందదాన్ని సాకింది. వెన్నగులాబీని తన చేత్తోనే చంపి, మట్టి కప్పి, అడివిగులాబీకి నీళ్ళు పోసింది. టీచరు ఆ మొండేన్నీ, ఆ రంగునీ పదిమందిలో చూసింది. ఆ రంగు సీసా ఎవరిదో, ఆ కుండీలకి అన్నాళ్ళు నీళ్ళు పోసిన టీచరుకి తెలుసు. చూసి, మట్టి కప్పేసి, పొరపాటు నాదే అంది.

వార్డెనమ్మ అక్కడే కూర్చుండిపోయింది. ఇంత జరిగాక కూడా ముందు మనసులోకి వచ్చిన ఆలోచన ఏమిటంటే, ఇంత మంచితనం చూపించి ఈవిడ నానుంచి ఏమాశిస్తోంది అని. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. మరదలు వచ్చి చూసేసరికి వదిన మట్టిచేతులతోనే కళ్ళు తుడుచుకుంటోంది.

“ఏమైంది వదినా?”

“నేనే కోశానే.”

మరదలు కుండీలోకి చూసింది. ఎప్పుడూ లేనిది, ఈసారి నవ్వలేదు. “ఇప్పుడే వెళ్ళి ఆవిడతో చెప్పండి,” అంది.

“ఆవిడతో కాదు. పదిమందిలో అన్నాను, పదిమందిలోనే వెనక్కి తీసుకోవాలి.”

ఆదివారం చూపులు ప్రెస్సాయన మేడమీద. వార్డెనమ్మ టీచరింటికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి, “ఈ ఒక్కసారికి రండి. ఎందుకని అడగకండి,” అంది. టీచరు అడగలేదు, చీర మార్చుకుని వచ్చింది. మరదలు ఒకపక్కా తను ఒకపక్కా పట్టుకుని, ముళ్ళు చేతులు గీరుతున్నా, కుండీని ఆ మేడ ఎక్కించారు. బేకరీకి వేళైందని మరదలు వెళ్ళిపోయింది.

వార్డెనమ్మ అందరి మధ్యా మట్టి తోడి చూపించింది. “ఇదిగోనండీ ముడి. ఇదిగో నేను కోసిన కొమ్మ. ఇది నా గోళ్ళరంగు. టీచరుగారు మంచి మొక్కే ఇచ్చారు, తెలివితక్కువగా నేనే చంపుకున్నాను. ఆవిడ ఆ రోజే చూశారు. నా పరువు పోకూడదని తనమీద వేసుకున్నారు. అందరి ముందూ తప్పు ఒప్పుకుంటున్నాను.”

మందులషాపాయన గొంతు సవరించుకున్నాడు.

“మీది పెద్దమనసు వార్డెన్‌గారూ.”

“మనసేంటండీ? జరిగింది చెబుతున్నాను.”

“అర్థమైంది లెండి,” అంది ప్రెస్సాయన భార్య, జాలిగా నవ్వి. “ఆవిడ రావడం మానేశారని మీకు బాధగా ఉంది. స్నేహం కోసం మీ మీద వేసుకుంటున్నారు. మాకు తెలీదా?”

“ఇదిగో కనబడుతూంటే!”

“ఎండుపుల్లకి రంగు ఎప్పుడైనా పూయొచ్చు కదండీ,” అన్నాడు ప్రెస్సాయన మెల్లిగా, టీచరుకి వినబడకూడదన్నట్టు.

సరిగ్గా అదే మాట, వాళ్ళ చోట ఉంటే వార్డెనమ్మ కూడా అనేది. ఒక్కొక్కళ్ళ మొహమూ చూసింది. ఎవరి మొహంలోనూ చెడ్డతనం లేదు. మర్యాదగా, ప్రేమగా, ఆవిడని మెచ్చుకుంటూ చూస్తున్నారు. ఒక్కళ్ళు కూడా నమ్మలేదు. మొదట ఆవిడ అన్న మాట ఒక్కసారికే అందరూ నమ్మారు, ఇప్పుడు చేతిలో రుజువు పట్టుకుని గొంతు చించుకున్నా ఎవరి తలకీ ఎక్కడం లేదు. ప్రెస్సాయన భార్య పళ్ళెంలో బిస్కెట్లు పెట్టి, ముందుగా ఆవిడకే అందించింది. టీచరు దాకా పళ్ళెం వెళ్ళడానికి చాలాసేపు పట్టింది.

చూపులు అయ్యాయి. మెట్ల దగ్గర వార్డెనమ్మ కుండీని ఒక్కతే ఎత్తబోయి, ఎత్తలేక దింపింది. టీచరు వెనకే వచ్చి నిలబడింది.

“పోనీలెండి వార్డెన్‌గారూ. వాళ్ళు నమ్మకపోతే పోయింది. మీరు నమ్మారు, నాకది చాలు.”

ఊఁ అంటే అయిపోయేది. స్నేహం మళ్ళీ అతుక్కునేది, సాయంత్రాలు మళ్ళీ పీటలు వేసుకునేవారు. కానీ ఆవిడకి ఆ అబద్ధం గొంతు దాటి రాలేదు.

“నేనూ నమ్మలేదు టీచరుగారూ. మీరేదో దాచారని, మిమ్మల్ని పట్టుకోవడానికి తవ్వాను. తవ్వాక తెలిసింది, అంతే.”

టీచరు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది.

“అదీ తెలుసండీ. అందరిలో అన్నారని కాదు నా బాధ. నాలుగడుగుల దూరంలో ఉంటాను. ఒక్కసారి వచ్చి, ‘ఏమండీ, ఇది ఇలా పూసిందేంటి’ అని అడగాలనిపించలేదే మీకు, అదీ.”

జీవితంలో వార్డెనమ్మ వేల ప్రశ్నలు వేసింది, జవాబు ముందే తెలుసుకుని, ఎదుటివాళ్ళు అబద్ధమాడితే పట్టుకుందామని. తెలియక అడిగిన ప్రశ్న ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు. గోడ పట్టుకుని నిలబడి, భయం భయంగా అడిగింది.

“నా మీద ఇంకా కోపముందా టీచరుగారూ?”

“ఉందండీ,” అంది టీచరు. “చాలా ఉంది.”

అని, వంగి కుండీకి అవతలి అంచు పట్టుకుంది. ముళ్ళు తనవైపు తిప్పుకుని, కింది మెట్టు మీదికి దిగి, ఎత్తమని తలూపింది.